చిన్నాయన మళ్లీ తాడెక్కిండు

నా డ్రోన్ వయసు ఐదేళ్లు. ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్‌లో ప్రాజెక్టు కోసం కట్టింది. ఎఫ్450 ఫ్రేమ్, నాలుగు మోటార్లు, కేకే 2.1 బోర్డు, ఫ్లైస్కై రిమోట్. అంతే. జీపీఎస్ లేదు, కెమెరా లేదు. మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూ ఎగరేయడమే. కాస్త దూరం పోతే దాని ముందేదో, వెనకేదో కూడా తెలిసేది కాదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో దానికి కళ్లు పెట్టాలని కూర్చున్నా. ఎఫ్‌పీవీ, అంటే ఫస్ట్ పర్సన్ వ్యూ. డ్రోన్ ముక్కు మీద చిన్న కెమెరా ఉంటుంది. అది చూసేదాన్ని 5.8 గిగాహెర్ట్జ్‌లో కిందికి పంపడానికి ఒక వీడియో ట్రాన్స్‌మిటర్. అందుకోవడానికి మన కళ్లకు గాగుల్స్. రికార్డు చేసుకుని ఇంటికెళ్లి చూసుకోవడం కాదు. డ్రోన్ చూస్తున్నప్పుడే మనమూ చూస్తాం.

రెడీమేడ్ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో ఆపేసింది. విడిభాగాలకు మాత్రం అడ్డు లేదు. కాబట్టి కెమెరా, ట్రాన్స్‌మిటర్, గాగుల్స్ ఆన్‌లైన్‌లో తెప్పించా. వైర్లు, కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా. బ్యాటరీకి ఉండే బ్యాలెన్స్ కనెక్టర్ నుంచే ట్రాన్స్‌మిటర్‌కు కరెంటు తీసుకున్నా. కెమెరా కింద మెత్తటి ఫోమ్ టేపు వేశా. లేకపోతే మోటార్ల అదురుకు బొమ్మ జెల్లీలా ఊగుతుంది.

మొదటిసారి ఆన్ చేస్తే బొమ్మ బాగానే వచ్చింది. థ్రాటిల్ పెంచగానే తెల్ల గీతలు! మోటార్లు తిరిగినకొద్దీ గీతలు పెరుగుతున్నాయి. మళ్లీ కోఠి. అక్కడ షాపాయన నా మాట సగం వినగానే 470 మైక్రోఫారాడ్ కెపాసిటర్ ఒకటి చేతిలో పెట్టాడు. బ్యాటరీ తీగల దగ్గర దాన్ని సోల్డర్ చేస్తే గీతలు దాదాపు పోయాయి. మీరు కూడా చేయాలనుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. యాంటెనా బిగించకుండా వీడియో ట్రాన్స్‌మిటర్‌కు కరెంటు ఇవ్వకండి, కాలిపోతుంది.

హైదరాబాద్‌లో ఎక్కడ ఎగరేస్తాం? అందుకే చెరువుగట్టు జాతర అయిపోయిన వారానికి ఊరికి బయల్దేరా. ఎల్బీ నగర్‌లో బస్సెక్కితే చౌటుప్పల్, చిట్యాల దాటి నార్కట్‌పల్లి. అక్కడి నుంచి ఆటో. హైవే వదలగానే రెండు వైపులా పొలాల గట్ల మీద తాళ్లు మొదలవుతాయి. మాది గౌడ కుటుంబం. ఆ తాళ్ల మీదే మా తాత ఇల్లు నడిపాడు. తర్వాత చిన్నాయన.

చిన్నాయన నాలుగేళ్ల కింద తాడు మీద నుంచి పడ్డాడు. కింద నాటేసిన పొలం ఉండబట్టి ప్రాణం దక్కింది. తుంటికి రాడ్ వేశారు. ఎట్ల పడ్డావని ఎవరడిగినా "మోకు జారింది" అనే రెండు ముక్కలే చెప్పేవాడు. తమ్ముడు డిగ్రీ ఆపేసి పోయినేడు మోకు పట్టాడు. వాడి దగ్గర 'కాటమయ్య రక్ష' కిట్టు ఉంది. గీత కార్మికులకు ప్రభుత్వం 2024 నుంచి ఇస్తున్నది, బెల్టూ తాళ్లూ ఉంటాయి. అయినా చిన్నాయనకు ఇష్టం లేదు. అప్పటి నుంచి కొడుకుతో మాటల్లేవు. మండువ దిక్కు కూడా పోడు.

పొద్దున్నే గాలి లేనప్పుడు ఎగరేద్దామని నేనూ తమ్ముడూ బయల్దేరుతుంటే చిన్నాయన అరుగు మీద నుంచి అడిగాడు.

"అది తాడంత ఎత్తు పోతదా బిడ్డ?"

"పోతది చిన్నాయనా. నువ్వే చూద్దువు రా."

రానన్నాడు. చిన్నమ్మ కుర్చీ తీసుకెళ్లి పొలం గట్టు మీద వేసింది. అప్పుడు కట్టె పట్టుకుని మెల్లగా వచ్చాడు.

మన దగ్గర సరదాకి ఎగరేసే డ్రోన్ కనుచూపు మేరలోనే ఉండాలి. ఎగరేసేవాళ్లే గాగుల్స్ పెట్టుకుంటే చుట్టూ ఏముందో కనిపించదు, పక్కన ఇంకొకరు డ్రోన్‌ను చూస్తూ ఉండాలి. ఆ రోజు ఆ ఇబ్బందే లేదు. గాగుల్స్ చిన్నాయనకు పెట్టా. నేను పాత పద్ధతిలోనే మెడెత్తి ఎగరేశా. డిజిటల్ స్కై మ్యాప్‌లో మా ఊరు గ్రీన్ జోన్ అని ముందురోజే చూసుకున్నా. అక్కడ 120 మీటర్ల దాకా పోవచ్చు. తాడు అందులో నాలుగో వంతు కూడా ఉండదు.

డ్రోన్ లేచింది. చిన్నాయన రెండు చేతులూ కుర్చీని పట్టుకున్నాయి. పాదాలు దగ్గరికొచ్చి మడమలు లోపలికి తిరిగాయి. తాడెక్కేటప్పుడు పెట్టినట్టే.

"అగో, చెరువు... అగో గట్టు మీద గుడి. అట్లనే కనబడేది."

కాసేపాగి అన్నాడు: "కని ఇంత నిమ్మలంగ ఉండది బిడ్డ పైన. గాలికి తాడు ఊగుతది. మనం గూడ ఊగుతం."

ఐదేళ్లుగా డ్రోన్ కదలకుండా నిలబడటం కోసమే నేను బోర్డులో సెట్టింగులు మార్చుకుంటూ వచ్చా. ఆయనకేమో ఆ ఊపు లేకపోతే అది ఎత్తులాగే అనిపించలేదు.

"ఆ మూల తాడు దగ్గరికి తీస్కపో" అన్నాడు. ఏ తాడో నాకు తెలుసు. తమ్ముడికీ తెలుసు. అది ఇప్పుడు వాడే గీస్తున్నాడు.

మూడు నాలుగు మీటర్ల దూరంలో ఆపా. ఇంకా దగ్గరికి పోతే రెక్కల గాలికి ఆకులు కొట్టుకుంటాయి. తాడు వెనక్కి తిప్పగానే "పోయింది, అంత చుక్కలే" అన్నాడు. 5.8 సిగ్నల్ ఆకుల గుబురును దాటలేదు. మళ్లీ ముందుకు తెచ్చా. బొమ్మ అంత స్పష్టంగా ఏమీ ఉండదు, పాత టీవీలాగే. ఆయనకు అదే చాలింది.

"ఎండు మట్టలు కొయ్యలే" అన్నాడు.

తమ్ముడు నేల చూపు చూశాడు.

"ఎండు మట్ట పట్టుకుంటే ఊడొస్తది. పైకెక్కి మోకు సర్దుకునేటప్పుడు చెయ్యి దాని మీదకే పోతది. నేను గట్లనే పడ్డ. మోకు జారలే."

నాలుగేళ్లలో మొదటిసారి. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కూడా ఏమనాలో తోచలేదు. ఇంతలో బ్యాటరీ అలారం మోగింది. ఒక్కో సెల్ 3.5 వోల్టులకు వస్తే దించేయాల్సిందే. దించేశా. మొత్తం ఎనిమిది నిమిషాలు.

గాగుల్స్ తీసి చిన్నాయన కళ్లు తుడుచుకున్నాడు. "వెలుగు గుచ్చుతుంది" అన్నాడు. తర్వాత కొడుకు వైపు చూడకుండానే అడిగాడు: "బెల్టు ఏడ కడుతున్నవ్? రేపు జర నాకు చూపెట్టు."

మర్నాడు తెల్లారేసరికి గట్టు మీద కుర్చీ ఉంది. తమ్ముడు బెల్టు కట్టుకుని నిలబడితే చిన్నాయన కట్టెతో పొడిచి చూపిస్తూ ముడులు రెండుసార్లు విప్పించి కట్టించాడు. వాడు పైకెక్కాడు. ఎండు మట్టలు ఒక్కొక్కటే కిందపడుతుంటే చిన్నాయన లెక్కపెట్టాడు. నేను రెండో బ్యాటరీ చార్జ్ చేసి తెచ్చా గానీ ఎగరేయలేదు. ఆ పూట ఆయన కింద నుంచే అంతా చూస్తున్నాడు.

పన్నెండో మట్ట దగ్గర పైకి అరిచాడు.

"ఎడమ దిక్కు ఇంకోటుందిరా!"