బల్ల మీద పచ్చ స్ఫటికం

జీవన అనుకరణ ఆటల్లో గెలుపోటములు ఉండవు. ఆడేవారు ఒక మనిషినో కుటుంబాన్నో సాకుతారు: వేళకు తిండి పెడతారు, నిద్రపుచ్చుతారు, ఉద్యోగానికి పంపుతారు, ఇరుగుపొరుగుతో కలుపుతారు. వీటిలో ఎక్కువ పేరున్నది ‘ద సిమ్స్’. విల్ రైట్ రూపకల్పనతో మాక్సిస్ సంస్థ తయారుచేసిన ఈ ఆట 2000 ఫిబ్రవరిలో వచ్చింది. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కొండల్లో చెలరేగిన మంటల్లో రైట్ ఇల్లు కాలిపోయింది. ఇంట్లోకి ఒక్కొక్క వస్తువే మళ్లీ కొనుక్కుంటుంటే, మనిషికి ఏది ఎందుకు కావాలన్న ఆలోచన ఆయనలో మొదలైంది. ఆట అందులోంచే పుట్టింది.

ఆటలో ఎంచుకున్న పాత్ర తల పైన ‘ప్లంబాబ్’ అనే పచ్చని స్ఫటికం తిరుగుతుంటుంది. ఆకలి, నిద్ర, స్నానం, నలుగురితో కబుర్లు, అన్నీ తీరితే అది పచ్చగా ఉంటుంది, తీరకపోతే ఎరుపెక్కుతుంది. పాత్రలు మాట్లాడే సిమ్లిష్ ఏ దేశపు భాషా కాదు, నటులు కల్పించిన ధ్వనులు మాత్రమే. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ ఒకే బజారులో వినిపించే తెలంగాణలోని నారాయణఖేడ్‌లోనైనా, జపాన్‌లోనైనా ఆ మాటలు అందరికీ ఒకటే. ఆట తెలుగులో రాలేదు కాబట్టి మెనూలు ఇంగ్లీషులోనే చదువుకోవాలి. స్ఫటికం రంగు మాత్రం చదువురాని పిల్లకు కూడా అర్థమవుతుంది.

బల్ల మీది వస్తువుగా మారింది ఆ స్ఫటికమే. 2009లో ‘సిమ్స్ 3’ ప్రత్యేక సంచికతో ప్లంబాబ్ రూపంలో 2 జీబీ పెన్‌డ్రైవ్ ఇచ్చారు. 2014లో ‘సిమ్స్ 4’తో యూఎస్‌బీకి తగిలిస్తే వెలిగే ప్లంబాబ్ దీపం వచ్చింది. అదే కాలంలో స్టీల్‌సిరీస్ సంస్థ చేసిన హెడ్‌సెట్ మీది స్ఫటికం ఆటలోని పాత్ర మనఃస్థితిని బట్టి రంగు మార్చేది. మూడింటిలో మేలైనది ఇదే. పెన్‌డ్రైవ్ ఆట ఆకారాన్నే తెచ్చింది, హెడ్‌సెట్ ఆట ప్రాణాన్ని తెచ్చింది. బొమ్మల కొలువులోని బొమ్మ కదలదు, దాని కథను చూసేవారే అల్లుకోవాలి. ఇక్కడ బొమ్మే తన సంగతి చెబుతుంది.

తెర మీద కాపురముండే జీవులు సిమ్స్ కంటే పాతవి. మౌస్ బాణం వెంట పరుగెత్తే జపాన్ పిల్లి ‘నెకో’, 1995 నాటి ‘డాగ్జ్’ కుక్కపిల్లలు అలాంటివే. తర్వాత విండోస్ విస్టా గాడ్జెట్లతో గడియారాలు, వాతావరణ సూచికల పక్కన చిన్న బొమ్మలకూ చోటు దొరికింది. వాటి ద్వారా కంప్యూటర్‌లోకి హానికర ప్రోగ్రాములు చొరబడే ప్రమాదం ఉందని 2012లో మైక్రోసాఫ్ట్ వాటిని ఆపేసుకోమని సూచించింది. అలంకారానికి దించుకున్న వస్తువైనా అది కూడా ప్రోగ్రామే, ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోవాలి.

తెర మీద కాపురముండే ఇటీవలి ఆటల్లో 2024 నాటి ‘రస్టీస్ రిటైర్‌మెంట్’ మనసుకు హత్తుకుంటుంది. తెర అడుగున ఒక పట్టీలా పొలం పరుచుకుంటుంది, పైన ఆఫీసు పని సాగుతుండగా కింద రోబోలు నాటుతాయి, నీళ్లు పెడతాయి, కోస్తాయి. నారాయణఖేడ్ చుట్టుపక్కల కంది చేతికి రావాలంటే ఐదారు నెలలు పడుతుంది, వాన కోసం ఎదురుచూపులు వేరే. ఆటలో ఆ ఎదురుచూపు లేదు. ఊళ్లో పొలం వదిలి హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చునేవారికి, పని మధ్య ఒక మొక్క ఎదగడం చూడగలగడం కూడా తక్కువ సంతోషమేమీ కాదు.