నదిని తాకని వంతెన

లాస్‌వేగాస్‌లో ఉంటున్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన తెలుగు అమ్మానాన్నలు హూవర్ డ్యామ్ చూడకుండా తిరిగిరారు. డ్యామ్ మీద నిలబడ్డాక కాసేపటికి చూపు దిగువకి మళ్లుతుంది. అక్కడ రెండు కొండల నడుమ, తలెత్తి చూడాల్సినంత ఎత్తులో ఓ కాంక్రీటు కమాను!

అదే మైక్ ఓకాలహన్-పాట్ టిల్‌మన్ స్మారక వంతెన. అటు నెవాడా, ఇటు అరిజోనా, కింద కొలరాడో నది. నీటికీ రోడ్డుకీ మధ్య సుమారు 890 అడుగులు. నాలుగు చార్మినార్లు ఒకదానిమీద ఒకటి పేర్చినా అందదు. రాజమండ్రి దగ్గర గోదావరి మీది రైలు వంతెనకి 28 కమాన్లు కావాల్సొచ్చాయి. ఇక్కడ ఒక్కటే, 1,060 అడుగులది. నదిలో ఒక్క స్తంభమూ లేదు.

ఇంత శ్రమ ఎందుకంటే, అంతకుముందు హైవే డ్యామ్ మీదుగానే వెళ్లేది. ఇరుకు రోడ్డు, ప్రమాదకరమైన మలుపులు, మధ్యలో పర్యాటకులు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత లారీలను డ్యామ్ మీదికి రానివ్వలేదు. పాపం, అవన్నీ చుట్టూ తిరిగి వెళ్లాల్సొచ్చింది.

2005లో పని మొదలైంది. మరుసటి ఏడాది ఈదురుగాలికి, లోయ మీదుగా సామాన్లు చేరవేసే తీగల క్రేన్లు కుప్పకూలాయి. 2008లో ఓ కార్మికుడు ప్రాణాలు కోల్పోయాడు. ఎడారి ఎండకి కాంక్రీటు పాడవకుండా ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి, రాత్రిళ్లు పోశారు. చెరో కొండ నుంచి బయల్దేరిన రెండు సగాలూ 2009 ఆగస్టులో గాల్లో కలిశాయి. 2010 అక్టోబరులో వాహనాలు నడిచాయి.

పేరులోని ఇద్దరూ సైనికులే. కొరియా యుద్ధంలో కాలు పోగొట్టుకున్న ఓకాలహన్ తర్వాత నెవాడా గవర్నరయ్యాడు. టిల్‌మన్ ఫుట్‌బాల్ కాంట్రాక్టు వదులుకుని సైన్యంలో చేరాడు. 2004లో అఫ్గానిస్థాన్‌లో, పొరపాటున సొంతవాళ్లే కాల్చిన తూటాలకి చనిపోయాడు.

కారులో వెళ్లేవాళ్లకి మాత్రం ఏమీ కనిపించదు. పక్కగోడలు అడ్డం! నెవాడా వైపు కారు ఆపి, మెట్లెక్కి, నడకదారిలోకి రావాలి. సగం దాటితే రాష్ట్రం మారుతుంది; చలికాలమైతే గడియారం కూడా గంట ముందుకి జరపాలి. అక్కడి నుంచి డ్యామ్ మొత్తం కనిపిస్తుంది. దాని వెనక మీడ్ సరస్సు ఒడ్డు రాళ్లకి తెల్లటి పట్టీ. ఒకప్పుడు నీళ్లు అంతదాకా ఉండేవి.