ఏడు పెట్టెల రాయి

నీలం కొనే స్థోమత లేనివాళ్లకు శని కోసం మన జ్యోతిష్కులు అమెథిస్ట్‌ను ఉపరత్నంగా చెబుతుంటారు. లండన్‌ నేచురల్‌ హిస్టరీ మ్యూజియంలోని ఒక అమెథిస్ట్‌కైతే ఏకంగా నీలం పేరే దక్కింది: ‘ఢిల్లీ ఊదా నీలం’. చుట్టూ వెండి చట్రం, దానిమీద జ్యోతిష సంకేతాలు.

1857 తిరుగుబాటులో కాన్పూరు ఇంద్రుడి గుడి నుంచి ఒక సైనికాధికారి దాన్ని దోచుకొచ్చాడని, తర్వాత ఆ రాయికి యజమాని అయిన ఎడ్వర్డ్‌ హెరాన్‌-అలెన్‌ 1904లో ఉత్తరం రాసిపెట్టాడు. అది శాపగ్రస్తమైన రాయట: ఆయన దగ్గర దాన్ని తీసుకున్న ఒక గాయనికి గొంతు పోయిందట. ఆయన విసుగెత్తి లండన్‌లోని రీజెంట్స్‌ కాలువలో విసిరేస్తే, మూడు నెలలకు పూడికలో దొరికి మళ్లీ ఆయన చేతికే వచ్చిందట! చివరికి ఏడు పెట్టెల్లో పెట్టి బ్యాంకులో దాచాడు. ఆయన పోయాక కూతురు మ్యూజియానికి ఇచ్చేసింది.

నాకు ఇంద్రుడి గుడి అనగానే అనుమానం వచ్చింది. మన దేశంలో ఇంద్రుడికి విడిగా గుడి కట్టడమే అరుదు. పైగా హెరాన్‌-అలెన్‌ కథకుడు, ఈ రాయి మీద కథ కూడా అల్లాడు. కానీ 1857 దోపిడీలు మాత్రం కల్పన కాదు.

నిజానికి అమెథిస్ట్‌ క్వార్ట్జే. పిసరంత ఇనుము, భూమిలోని సహజ రేడియేషన్‌ కలిసి ఊదారంగు తెస్తాయి. ఇది పెట్టుకుంటే మత్తెక్కదని గ్రీకులు నమ్మారు; రోమన్‌ రచయిత ప్లినీ ఆనాడే కొట్టిపారేశాడు. బిషప్పుల ఉంగరాల్లోకీ చేరింది. 19వ శతాబ్దంలో బ్రెజిల్‌ గనుల్లో కుప్పలుగా దొరికేసరికి ధర పడిపోయింది. ఇప్పుడు చాలా అమెథిస్ట్‌ను కొలిమిలో వేడిచేసి, పసుపు తిరిగాక సిట్రిన్‌ అని అమ్ముతున్నారు. ఆ సిట్రిన్‌నేమో జ్యోతిష్కులు గురు గ్రహం కోసం పెట్టుకోమంటారు.