టు లెట్ బోర్డు కట్టే ముందు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు అక్కడితో ఎందుకు ఆగిపోయారో నాకు తెలీదు. కట్టిన ఇంట్లో ఒక వాటా అద్దెకిచ్చి చూడు అని కూడా అని ఉండవలసింది.

ఉద్యోగం చేసిన రోజుల్లో ఇరవై రెండేళ్ళపాటు అద్దె ఇళ్ళల్లోనే కాపురం చేశాను. మా ఇంటికి చుట్టాలొస్తే నీళ్ళ బిందెలు లెక్కపెట్టిన ఇంటాయన్ని చూశాను. రాత్రి తొమ్మిది దాటితే గేటుకు తాళం బిగించిన ఇంటావిణ్ణి చూశాను. దేవుడి పటానికి మేకు కొట్టినందుకు అడ్వాన్సులో కోత కోసిన మహానుభావుణ్ణీ చూశాను. "మనకే ఓ ఇల్లుంటేనా..." అని మా ఆవిడా నేనూ ఎన్ని రాత్రులు అనుకున్నామో! దేవుడు ఆలకించాడు. విజయవాడ సత్యనారాయణపురంలో కింద మేమూ, పైన అద్దెకివ్వడానికో వాటా. నిన్నటి కోడలు ఇవాళ అత్తయితే ఎలా ఉంటుందో ఆ తరవాత గాని తెలియలేదు.

కొత్తగా ఇంటివాళ్ళయినవాళ్ళు (పెళ్ళయినవాళ్ళని కాదు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళని నా ఉద్దేశం) నన్ను సలహాలడుగుతూంటారు. అడగనివాళ్ళకు నేనే పిలిచి చెబుతూంటాను. నోటిమాట మీద ఇల్లివ్వొద్దు, కాగితం రాసుకోండి అంటాను. ఆ కాగితం అందరూ 11 నెలలకే ఎందుకు రాసుకుంటారంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి, అందుకని. రెండు వాటాలకూ కలిపి ఒకే కరెంటు మీటరు ఉంచకండి. యూనిట్లు పెరిగినకొద్దీ రేటూ పెరుగుతుంది గనక ఇద్దరి వాడకమూ కలిసి పై శ్లాబులో కూర్చుంటుంది. ఎవరి ఫ్యాను ఎంతసేపు తిరిగిందన్న తగువు దాని మీద కొసరు. తాళాలిచ్చే రోజున ప్రతి గదినీ ఫోనుతో ఫొటో తీసి, వాళ్ళకో ప్రతి పంపండి. అద్దె ముట్టిన ప్రతి నెలా రసీదివ్వండి. నా ఇల్లే కదా అని తలుపు తోసుకుని వెళ్ళకండి. 2021లో కేంద్రం రాష్ట్రాల కోసం తయారుచేసిన నమూనా అద్దె చట్టంలో కూడా ఇంటాయన లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని ఉంది.

ఇవన్నీ నేను తు.చ. తప్పకుండా పాటించాను. ఇంత పద్ధతిగల ఇంటాయన మా వీధిలో మరొకడు లేడని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం కాస్తా మొన్నటి సంక్రాంతి వెళ్ళాక కూలిపోయింది.

పై వాటాలో భార్యాభర్తలూ, ఐదేళ్ళ పిల్లాడూ రెండేళ్ళున్నారు. ఐదో తారీకు దాటకుండా అద్దె ఇచ్చేవారు. మొదటి వానాకాలంలో ఆ అబ్బాయి కిందికొచ్చి, "బాబాయిగారూ, పడగ్గది గోడకు చెమ్మ దిగుతోందండీ" అన్నాడు. "చూద్దాం" అన్నాను. ఇంటాయనల భాషలో చూద్దామంటే చూడమనే అర్థం. రెండో వానాకాలంలో మళ్ళీ చెప్పాడు. ఈసారి రంగులవాణ్ణి పంపి గోడకో పూత పూయించాను. రెండు నెలలకే ఆ రంగు పొంగి పెచ్చులూడింది. సంక్రాంతి వెళ్ళాక, "ఆఫీసుకు దూరమవుతోందండీ" అని నెల రోజుల నోటీసిచ్చారు.

ఖాళీ చేసే రోజు నోటుపుస్తకం పట్టుకుని పైకెళ్ళాను. మేకులు ఏడు. పగిలిన కిటికీ అద్దం ఒకటి. పడగ్గది గోడ, రంగు పెచ్చులు. అన్నీ కూడి, అడ్వాన్సులో నాలుగు వేలు తగ్గుతుందన్నాను. ఆ అబ్బాయి ఒక్క క్షణం ఆగి, "మీ ఇష్టం బాబాయిగారూ" అన్నాడు.

అదే సమయానికి మా ఆవిడ, ఆ అమ్మాయికి బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇవ్వడానికి పైకొచ్చింది. మూటల మధ్య ఒక చిన్న మిషను కనబడితే, ఇదేమిటమ్మా అనడిగింది.

"బాబుకి మందు పీల్పించేదండీ పిన్నిగారూ. వానలు మొదలైతే ఆయాసం. ఆ గదిలో పడుకోబెట్టొద్దన్నారు డాక్టరుగారు. మంచం హాల్లో వేసుకున్నాం. అయినా తగ్గలేదు."

"మరి మాతో ఒక్క మాట చెప్పకపోయారా?"

ఆ అమ్మాయి నావైపు చూడకుండా, "ఆయన రెండుసార్లు చెప్పారండీ" అంది.

నోటుపుస్తకంలో ఆ పేజీ చించేశాను. అడ్వాన్సు పైసా తగ్గించకుండా ఇచ్చేశాను. అందులో నా గొప్పేమీ లేదు. చెమ్మ పట్టిన గోడకు రంగు పూసి, ఆ రంగు ఊడిందని వాళ్ళ దగ్గరే డబ్బు వసూలు చేయబోయినవాణ్ణి. మేకు ఇంటాయన నాకన్నా నయం.

ఆ రాత్రి ఆదాయపు పన్ను కాగితాలు తీసి చూసుకున్నాను. వచ్చిన అద్దెలో మున్సిపల్ పన్ను పోగా, మిగిలినదాంట్లో 30 శాతం, మరమ్మతులూ వగైరాలకని మినహాయింపు ఇస్తారు. నిజంగా చేయించావా అని అడగరు, బిల్లులు చూపమనరు. నేను ఏటా ఆ మినహాయింపు తీసుకుంటూనే ఉన్నాను. లెక్క ప్రకారం ఆ గోడకు రెండేళ్ళూ మరమ్మతు జరిగినట్టే!

మర్నాడే తాపీమేస్త్రిని పిలిచాను. లోపం గోడలో లేదు, డాబా మీద పిట్టగోడ మొదట్లో సన్నటి పగులుంది. వాననీళ్ళు అక్కడ నిలిచి గోడలోకి దిగుతున్నాయి. పగులు పూడ్చి, నీళ్ళు జారేటట్టు వాలు సరిచేసి, లోపల చెడిన ప్లాస్టరింగు కొట్టేసి, గోడ పూర్తిగా ఆరాక మళ్ళీ చేయించి రంగు వేయించాం. రెండు నెలల అద్దెంత ఖర్చయింది.

ఇక టు లెట్ బోర్డు కడదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "తొలి వాన పడనివ్వండి. ముందు మనం ఆ గదిలో పడుకుని చూద్దాం" అంది. ఆవిడ భాషలో చూద్దామంటే చూద్దామనే. జూన్‌లో గట్టి వాన పడిన రాత్రి పైన చాప వేసుకుని పడుకున్నాం. గోడ పొడిగానే ఉంది. నాకే నిద్ర పట్టలేదు.

నా సలహాలన్నిటికీ ముందు ఇప్పుడిది చేర్చాను: మీరు పడుకోలేని గది అద్దెకివ్వకండి.

కొత్తగా వచ్చినవాళ్ళు పటానికి మేకు కొట్టుకోవచ్చా అని అడిగారు. "నిక్షేపంగా కొట్టుకోండి. గోడ తడిగా తగిలితే మాత్రం ఆ సాయంత్రమే చెప్పండి. నేను చూద్దాం అన్నానంటే, మా ఆవిడకు చెప్పండి" అన్నాను.