అబ్బాజాన్ గడ్డం దిద్దుతూ

అబ్బాజాన్‌కు చేతులు వణకడం మొదలైన తర్వాత, మెదక్‌లోని మా ఇంట్లో ఆయన గడ్డం అంచు దిద్దే పనిని అన్నదమ్ములం మేమే చేపట్టాం. ఆయనకు అలవాటైనది రెండంచుల బ్లేడు పెట్టే సేఫ్టీ రేజరు. 1904లో అమెరికాలో జిల్లెట్ పేటెంటు పొందిన ఆ పరికరం తీరు నేటికీ పెద్దగా మారలేదు.

మీసాలు కత్తిరించుకోవడం, గోళ్లు తీసుకోవడం ఫిత్రత్‌కు చెందిన పరిశుభ్రతలు. వాటిని స్వయంగా చేసుకోలేని వయసు వచ్చినప్పుడు ఆ బాధ్యత సంతానానిది.

ముందుగా గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన తువ్వాలును చెంపలపై రెండు మూడు నిమిషాలు ఉంచుతాం; వెంట్రుకలు మెత్తబడతాయి. ఆపై బ్రష్షుతో సబ్బు నురగ పట్టిస్తాం. వృద్ధుల చర్మం వదులుగా ఉంటుంది కనుక ఎడమచేతి వేళ్లతో బిగువుగా పట్టాలి. రేజరును సుమారు 30 డిగ్రీల వాలులో ఉంచి, వెంట్రుకలు పెరిగిన దిశలోనే కొద్దికొద్దిగా జరపాలి. నొక్కరాదు, రేజరు బరువే పని చేస్తుంది. ఆయన కళ్లు మూసుకుని మెడ ఎత్తి చూపినప్పుడు, ఆ నమ్మకమే మా చేతికి నిదానం నేర్పింది. చివరగా చన్నీళ్లు, పటిక.

వాడిన బ్లేడును చెత్తలో వేస్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులు తెగవచ్చు. అందుకే మూతకు సన్నని చీలిక పెట్టిన రేకు డబ్బాలో వేస్తున్నాం. నిండాక గట్టిగా మూసి, పైన పేరు రాసి విడిగా అప్పగిస్తాం. దారిలోని హానికర వస్తువును తొలగించడం ఈమాన్‌లో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. దానిని దారిలోకి మనమే పంపకపోవడం అంతకన్నా ముందు చేయవలసిన పని.