అమ్మ ఫోటో – పలక ముక్కలు

వినుకొండ దాటి త్రిపురాంతకం కొండ కనబడిందంటే చాలు, నా ప్రాణం ఇంటికి చేరినట్టే. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న ఆ క్షేత్రం వెనుకబడేసరికి, పడమటి దిక్కున నల్లమల నీలిగీతలా లేస్తుంది. ఆ గీతకు ఇవతలిదే మా యర్రగొండపాలెం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మాది కర్నూలు జిల్లా. 1972లో ఆ ఒంగోలు జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. మా నాన్న మాత్రం ఎవరడిగినా చివరిదాకా "మాది కర్నూలు జిల్లా" అనే చెప్పేవారు.

నాన్న పోయి సంవత్సరం దాటింది. పెద్దకర్మ నాడు పటం కట్టించడానికి ఫోటో కావలసివచ్చింది. ఇల్లంతా వెదికాం. నా ఫోనులో శ్రీశైలం ఆనకట్ట ఉంది, కంభం చెరువు మీద సూర్యాస్తమయం ఉంది, మా కాలేజీ వార్షికోత్సవాలు వందల కొద్దీ ఉన్నాయి. నాన్న లేరు. ఉన్న ఒకటి రెండింటిలోనూ ఎవరి భుజం చాటునో సగం ముఖం. చివరకు గుర్తింపు కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించాం. పటంలోని ఆ పెద్దమనిషి ఎవరో నేను పోల్చుకోలేకపోయాను. అమ్మ దానికి దండ వేసి, మరి అటు చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

అందుకే ఈ సంక్రాంతి సెలవులకు ఒకే ఒక్క సంకల్పంతో ఊరు చేరాను. అమ్మను ఫోటో తీయాలి.

"నాకెందుకురా ఫోటో? పటం కట్టించేదానికా?" అంది అమ్మ.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎలాగో బతిమాలి, పట్టుచీర కట్టించి, మిట్టమధ్యాహ్నం వాకిట్లో గోడకు ఆనించి కూర్చోబెట్టాను. ఫలితం చెప్పనక్కరలేదు. నడినెత్తి మీది ఎండకు కళ్ళు గుంటలలో మునిగిపోయాయి. గోడ వెనుక కరెంటు స్తంభం సరిగ్గా అమ్మ తలలోంచి మొలిచింది. నేను మరీ దగ్గరకు జరిగి తీసినందున ముక్కు పెద్దదైంది. "ఇది ఆ కార్డు బొమ్మకు జోడు" అన్నది మా ఆవిడ. ఆమె మాట కాదనలేకపోయాను.

మర్నాడు ఇంకొక సంగతి జరిగింది. మార్కాపురం పలకల పేరు వినని తెలుగువారు తక్కువ. ఒకప్పుడు మనమంతా అక్షరాలు దిద్దింది ఆ నల్లరాతి మీదనే. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక బడిపిల్లల చేతుల్లోంచి రాతిపలక జారిపోయింది. కోతలో విరిగిన ముక్కలు మాత్రం కుప్పలుగా మిగులుతూనే ఉంటాయి. మా బావగారు అటువంటి ముక్కలు ఒక బస్తాడు తెచ్చి పెరట్లో పడేశారు. వాటితో తోటకు సింగారం చేద్దామని పిల్లలు పట్టుబట్టారు.

ఈ రాయికి రెండు గుణాలు. పొరలు పొరలుగా విడుతుంది. నీళ్ళకు నానదు, చెక్కలాగా చివకదు. జానెడు వెడల్పు ముక్కలు ఏరి, మడి చుట్టూ నాలుగు వేళ్ళ లోతు గాడి తీసి, మూడో వంతు మట్టిలో ఉండేలా నిలబెట్టి, ఇరుపక్కలా తడిమట్టితో దిమ్మిస్తే చక్కని అంచు తయారవుతుంది. ముక్కను చిన్నది చేయవలసివస్తే తడిపి కొట్టాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మూడు ముక్కలు పేర్చి పైన మట్టిమూకుడు పెడితే పిచ్చుకలకు నీళ్ళతొట్టి. మాది నీటి ఎద్దడి సీమ కనుక, మెరుగు పెట్టని మట్టికుండను మెడదాకా పూడ్చి నీళ్ళు నింపి మూత పెట్టాం. నీరు కుండ గోడల్లోంచి మెల్లగా ఊరి వేళ్ళకు అందుతుంది.

మిగిలింది మొక్కల పేర్లు వ్రాయడం. బలపంతో వ్రాస్తే వానకు పోతుంది. మేకుతో గీస్తే తెల్లని గీత నిలుస్తుంది. మా అమ్మాయి "కనకాంబరం" అని గీయబోయి సున్న మరచిపోయింది.

"ఇటు తేవే" అంటూ అమ్మ వచ్చి వేపచెట్టు నీడలో గొంతుక్కూర్చుంది. రెండో తరగతితో చదువు మాన్పించిన మా అమ్మ, ఆ పలకముక్కను ఒడిలో పెట్టుకొని, నాలుక పంటికింద నొక్కిపట్టి, ఒక్కొక్క అక్షరమే గుండ్రంగా దిద్దసాగింది. సాయంకాలం అయిదు గంటలు దాటింది. ముఖం మీద తెరిపి ఆకాశపు వెలుగు మెత్తగా పడుతున్నది. నేను ఆరడుగుల దూరాన నేల మీద కూర్చొని, ఫోను ఆమె కళ్ళ ఎత్తుకు తెచ్చి, పిలవకుండా, నవ్వమనకుండా నాలుగు తీశాను. మూడోదానిలో అమ్మ ఉంది. మా అమ్మే.

ఆ వెలుగు పోకముందే అందరినీ చేర్చాను. పెద్దలు మధ్యన కుర్చీల్లో, పిల్లలు నేల మీద, తక్కినవారు వెనుక. బడి వరుసలాగా కాక ముఖాలు ఎగుడు దిగుడుగా ఉండాలి. ఎవరో ఒకరు రెప్ప వేస్తారు కనుక అయిదారు తీయాలి. ఫోనులోనే వదిలేయక కాగితం మీద అచ్చు వేయించి, వెనుక పెన్సిలుతో పేర్లూ తేదీ వ్రాసి ఉంచాలి. సిరా అయితే ఇవతలికి దిగుతుంది.

మార్కాపురంలో అచ్చు వేయించి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది.

"చేతులకు మట్టి ఉందిగదరా! కడుక్కోమని చెప్పగూడదూ?" అంది.

తరువాత నాన్న పటం వైపు ఒకసారి చూసి, "దీనికి పటం కట్టించవాక. నా పెట్టెలో ఉంటది" అంటూ కొంగుతో తుడిచి లోపలికి తీసుకువెళ్ళింది.

మీ ఇంట్లోనూ "నాకెందుకు ఫోటో" అనే వారొకరు ఉండే ఉంటారు. ఈ ఆదివారం సాయంత్రం వారి చేతికి ఏదో ఒక పని అప్పగించి, మీరు కాస్త దూరంగా కూర్చోండి.