పెరటి నెమలియు, అడవికోడియు

జనగామలో మేము కాపురముండు ఇల్లు ఊరి చివర నున్నది. పెరటిగోడ దాటినంతనే పత్తిచేలు, వాని వెనుక రాతిగుట్టలు. తొలకరి పడగానే ఆ గుట్టలనుండి నెమళ్లు దిగివచ్చి గోడపై వరుసగా కూర్చుండును. మా కోళ్లకు చల్లిన నూకలలో సగము వానిదే. ప్రబంధములు చదువుకొన్నదానను గనుక మొదట నాకు సంతోషముగనే యుండెడిది. పెరటికి మయూరము తానై వచ్చుట యెంత భాగ్యమని మా అత్తగారికి ఉత్తరము గూడ వ్రాసితిని.

గత శ్రావణమున ఆ సంతోషము పోయినది. మా కోడిపిల్లలు రెక్కలు వ్రేలవేసి, రక్తపు రెట్టలు వేసి, ఒకటొకటిగా మూడు దినములలో తొమ్మిది చచ్చినవి. ఆ వారముననే మా ఆరేండ్ల పిల్ల కడుపునొప్పియని యేడ్చి, ఒక ఏలికపామును విసర్జించినది. పొరుగింటి సుభద్ర యనునామె, పేరు మార్చితిని, గోడమీదినుండి చూచి, “ఇంకేమున్నది అక్కా, నెమళ్ల రెట్ట తొక్కినందుకే! కోళ్లకును నీ బిడ్డకును ఒక్కటే పురుగు పట్టినది” అనెను. నేను నమ్మితిని. సిగ్గుపడుచు వ్రాయుచున్నాను: ఆ రాత్రి ఎలుకలమందు కలిపిన నూకలు గోడపై పెట్టింపవలెనని నిశ్చయించి, ఒక సోలెడు నూకలు విడిగా కొలిచి యుంచితిని.

మావారు బడినుండి వచ్చి ఆ సోలను చూచిరి. “1963 నుండి నెమలి మనకు జాతీయపక్షి. 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము దానిని చంపిన చెరసాల. అది యటుండనిమ్ము, నేరము నెమలిదేనని నీకెవరు చెప్పిరి? సాక్ష్యము పెరటిలోనే పడియున్నది, తీసికొనిపోయి చూపింపుము” అనిరి. మరునాడు కోడిరెట్ట యొక సీసాలో, నెమలిరెట్ట యొక సీసాలో వేసి, మూతలు బిగించి, కొంగుచాటున దాచుకొని పశువైద్యశాలకు పోయితిని.

అచ్చటి వైద్యురాలు నావంటి వయసుదియే. నవ్వక, ముక్కు మూసికొనక, “మంచిపని చేసితిరమ్మా” అని లోనికి పిలిచెను. ఆమె చేసిన పరీక్ష వంటయింటి పనివలె నున్నది. నీటిలో ఉప్పు ఇక కరగనంతవరకు వేసి కలిపి వడగట్టెను. ఆ ఉప్పునీటిలో రెట్టను చిదిపి, వస్త్రముతో వడిచి, చిన్నసీసాను అంచువరకు నింపి, పైన సన్నని గాజుబిళ్ల కప్పి కొంతసేపు ఊరకుంచెను. మంచినీట మునుగు పురుగుల గుడ్లు, చిక్కని ఉప్పునీట తేలి ఆ గాజునకు అంటుకొనునట. దానిని సూక్ష్మదర్శిని క్రింద పెట్టి నన్ను చూడుమనెను. మా కోడిరెట్టలో గుండ్రని గుడ్లవంటివి లెక్కలేనన్ని. అవి కాక్సీడియా యను ఏకకణ జీవులు; కోడిపిల్లల ప్రేగుగోడలో పెరిగి, దానిని చీల్చి, రక్తము కారునట్లు చేయును. వాని నడుమ కోలగానున్న పెద్దగుడ్లు కొన్ని; అవి కోళ్ల ఏలికపామువి. నెమలిరెట్టలోను ఆ రెండువిధములును కలవు, కాని తక్కువ.

“చూచితిరా, నెమలిలోను ఉన్నవి!” అని నేను జయము పొందినదానివలె అంటిని.

ఆమె తొందరపడలేదు. కాక్సీడియాలో జాతులు పెక్కు; ఏ పక్షి జాతి దానిదే. కోడిది నెమలికి పట్టదు, నెమలిది కోడికి పట్టదు. మన దేశపు శాస్త్రజ్ఞులు భాటియా, పాండే యనువారు నెమలియందలి దాని నొకదానిని 1966లో వర్ణించి ‘ఐమీరియా మయూరై’ యని పేరిడిరి. మయూరపదము ఆ పురుగు పేరున చేరుట విని నాకు నవ్వు వచ్చినది. కావున పిల్లలను చంపిన నేరము నెమలిపై నిలువలేదు. ఇక ఏలికపాము: ఇది కోడికిని నెమలికిని ఉమ్మడిది. ఎవరినుండి ఎవరికి వచ్చినదో గుడ్డు చెప్పదు. మా బిడ్డదియో? “అది మనుష్యుల ఏలికపాము. మనుష్యుని మలమునుండి మన్నునకు, మన్నునుండి చేతులకు, నోటికి. పక్షులకు దానితో పనిలేదు” అని చెప్పి, మాయింటి వెనుకనున్న బయలు ఎవరు వాడుదురని అడిగెను. నేను జవాబు చెప్పలేక నేల చూచితిని. గోడ యవతల పత్తిచేను గట్టునకు ఉదయమున చెంబుతో పోవువారిని ప్రతిదినము చూచుచునే యుందును.

ఇంటికి వచ్చి ఆ సోలెడు నూకలు మరల డబ్బాలో పోసితిని.

దసరా సెలవులలో మహబూబాబాదునందలి మా చెల్లెలి యింటికి పోయితిమి. 2016 వరకు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడును ఒకే వరంగల్లు జిల్లా; ఇప్పుడు మూడు జిల్లాలైనను మాకు చుట్టరికములు తెగలేదు. రైలులో కాజీపేట, వరంగల్లు మీదుగా పోవుచుండగా మెట్టభూములు క్రమముగా పచ్చబడును. చెల్లెలు మమ్ము బయ్యారము చెరువునకు తీసికొనిపోయినది. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువది. ఆమె శాసనము కాకతీయుల వంశావళిని తెలుపునదని చరిత్రకారులు దానికి గొప్ప విలువనిత్తురు. ఎనిమిదివందల యేండ్లనాటి యొక స్త్రీ కట్టించిన గట్టుపై నిలిచి, కొంగలను, నీటికాకులను, తామరాకులపై నడచు పొడవువ్రేళ్ల పక్షులను చాలసేపు చూచితిని.

చూచుచునే వైద్యురాలి మాటలు తలపునకు వచ్చినవి. నీటిపక్షుల ప్రేగులలో ఆకువలె చదునైన పురుగు లుండును. వాని గుడ్లు ఉప్పునీట తేలవు, బరువు గనుక అడుగునకు దిగును. వానికి వేరు పరీక్ష. రెట్టతో చెరువున పడిన గుడ్డు పగిలి, లోనిపిల్ల ఈది పోయి నత్తలో ప్రవేశించును. ఒకటిగా చొచ్చినది అచ్చట వేలుగా పెరిగి వెలికి వచ్చును. అవి వేరొక నత్తనో చేపనో చేరును. దానిని కొంగ మ్రింగును. కథ మొదటికి వచ్చును. కొన్నిజాతుల పిల్లలు పక్షికాలనుకొని స్నానమాడు మనుష్యుని చర్మమున దూరి, అచ్చటనే చచ్చి, దురదమాత్రము మిగుల్చును. మా చెల్లెలి కొడుకులకు నత్తలున్న మడుగులో దిగినప్పుడెల్ల కాళ్లు దద్దురులెక్కునట, మంత్రము వేయించుచున్నారట. మంత్రము వేసినను వేయకున్నను అట్టి దద్దురు కొన్నిదినములకు తగ్గును గనుక మంత్రగాని పేరు నిలిచినది!

తైత్తిరీయోపాఖ్యానము మీలో పెక్కుమంది యెరుగుదురు. యాజ్ఞవల్క్యుడు గురువాజ్ఞచే వేదమును వెడలగ్రక్కగా, తోడి శిష్యులు తిత్తిరిపక్షులై దానిని స్వీకరించిరట. ఒకరు విడిచినదానిని పక్షి ముక్కున నందుకొనుటలో నెంత లోతు కలదో ఆ చెరువుగట్టున నాకు తోచినంతగా మా నాయనగారు పాఠము చెప్పునపుడు తోచలేదు.

అచ్చటినుండి వరంగల్లు మరల చేరి, పరకాల, రేగొండ మీదుగా బస్సులో భూపాలపల్లికి పోయితిమి. అది బొగ్గుగనుల ఊరు. మా ఆడుబిడ్డ అచ్చట నుండును. ఆమెతో ఘనపురపు కోటగుళ్లు చూచితిని. రాతిప్రాకారములో కాకతీయులనాటి గుళ్లు ఇరువదికి పైగా నున్నవి, చెంతనే గణపసముద్రము. ఆ శిల్పములను గూర్చి వేరొక వ్యాసమే వ్రాయవచ్చును. నా మనస్సున నిలిచినది మాత్రము తిరుగుదారిలో అడవియంచున నున్న యొక పల్లె.

ఊరి పెంట అంతయు అడవిమొగమున పోసియున్నది. కోళ్లగూళ్ల ఊడ్పు, ఆదివారపు అంగడిలో కోసిన కోళ్ల ఈకలు, ప్రేగులు, చచ్చిన కోడిపిల్లలు. ప్రొద్దు వాలుచుండగా పొదలనుండి అడవికోళ్లు నాలుగు, ఒక ఆడునెమలి నాలుగుపిల్లలతో వచ్చి ఆ కుప్పను కెలుకసాగినవి. ఒక వృద్ధురాలు గడపపై కూర్చుండి మమ్ము చూచి, “ఏం చూస్తరు బిడ్డా, రోజూ వస్తయి. మా కోళ్లు పొద్దుగాల అడివికి పోతయి, అడివికోళ్లు పొద్దుమూకి మా పెంటకు వస్తయి” అనెను.

నాటుకోడి ప్రేగులో దారమువంటి సన్నని పురుగొకటి యుండును. దాని గుడ్డులోపల ఇంకొక సూక్ష్మజీవి దాగియుండును. ఆ గుడ్డు మన్నులో ఏడాదికి పైగా బ్రదుకును. వానపాము మ్రింగిన దాని కడుపులోను బ్రదుకును. కోడి సాధారణముగా ఆ రోగమును తట్టుకొనును. నెమలిపిల్లకు మాత్రము కాలేయము చెడి ప్రాణము పోవుట కద్దు. ఇది వైద్యురాలు చెప్పగా నేను వ్రాసికొన్నదే. అర్థమైనది మాత్రము ఆ కుప్పయొద్దనే. ఆ తల్లి తన పిల్లలకు కాలితో కెలికి చూపుచున్న వానపాములు మన పెంటలోనివి. మా పెరటిలో నేను నేరస్థురాలినిగా నిలిపినది దీనినే.

పక్షులను పరిశీలించి మనుష్యులు తమ రోగములనే తెలిసికొన్న కథ మన ప్రాంతమున కొత్తది కాదు. 1897లో సికిందరాబాదునందు దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొన్న రోనాల్డ్ రాసు, మరునాడేట కలకత్తాలో పిచ్చుకలు మొదలైన పక్షులనుండియే దాని పూర్తి చరిత్రను తెలిసికొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది.

ఇంటికి వచ్చినపిమ్మట చేసిన మార్పులు చెప్పెదను, కోళ్లున్నవారికి పనికివచ్చును. కాక్సీడియా రెట్టతో బయటపడిన వెంటనే హాని చేయదు. తేమయు వెచ్చదనమును కలిగి ఒకటి రెండు దినములు గడచిన పిమ్మటనే పండును. ఏలికపాము గుడ్డునకు పదిదినములు, అంతకు మించియు పట్టును. కావున గూటిని దినదినము ఊడ్చిన చాలును. వారమునకొకసారి ఎంత కడిగినను ప్రయోజనము లేదు, పైగా తడి మిగులును. నీటిపళ్లెమును ఇటుకలపై నెత్తి పెట్టితిని, చుట్టును బురద కాకుండ. గూటిని ఎండతగులు చోటికి మార్చితిని. ఊడ్చినదానిని గోతిలో వేసి మన్ను కప్పుచున్నాను. వేసవిలో పిట్టలకు నీరుపోయు మూకుడును దినము విడువక తోమి ఎండబెట్టుచున్నాను. దయతో పెట్టిన మూకుడే నాలుగిండ్ల పిచ్చుకల రెట్ట కలియు చోటు కారాదు గదా. పిల్లకు మందిప్పించితిమి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో బడిలో నిచ్చు నులిపురుగుల మాత్రను ఇదివరకు “మా పిల్లకెందుకు” అని మాన్పించిన తల్లిని నేనే. 2015లో కొన్ని రాష్ట్రములందు మొదలై, పిమ్మట దేశమంతటికిని వ్యాపించిన మాత్ర అది.

పత్తిచేను గట్టుమాట యింకను తెగలేదు. సుభద్రయు నేనును ఇద్దరము ముగ్గురిండ్లకు పోయి మాటలాడితిమి. ఒకయింట మరుగుదొడ్డి కలదు, అందులో కట్టెలు నింపిరి. ఒకయింట నీరు లేదు. ఒకయింట కోడలు సరేయనినను మామగారు ఒప్పుకొనలేదు.

కార్తికమున మరల రెండు సీసాలు తీసికొనిపోయితిని. కోడిరెట్టలో కాక్సీడియా మిక్కిలి తగ్గినవి. ఏలికపాము గుడ్లు రెండు కనబడినవి. నెమలిరెట్టలో మొదటియన్నే యున్నవి. వైద్యురాలు గాజుబిళ్లను కడుగుచు, “ఈ యేడు కోళ్ల సంగతి, నెమళ్లకు నేల మారవలెనన్న రెండుమూడేండ్లు పట్టునమ్మా” అనెను. ఉప్పునీరు మిగిలినది నాకిచ్చి, సుభద్ర కోళ్లవి గూడ తెమ్మనెను.